నలభై ఏళ్లకు డిగ్రీ: ముందు గంటల లెక్క వేసుకుందాం

మూడేళ్ల డిగ్రీకి ఇప్పుడు 120 క్రెడిట్లు. 2022 డిసెంబరులో యూజీసీ ప్రకటించిన కొత్త విధానం పెట్టిన లెక్క ఇది. నాలుగేళ్ల ఆనర్స్‌కైతే 160. దూరవిద్యలో ఒక్కో క్రెడిట్‌కు 30 గంటల చదువు పడుతుందని అంచనా. పుస్తకం చదవడం, నోట్సు రాసుకోవడం, అసైన్‌మెంట్లు పూర్తి చేయడం, ఆదివారం క్లాసులకు వెళ్లి రావడం అన్నీ అందులోనే. 120ని 30తో హెచ్చవేస్తే 3,600 గంటలు.

గోదావరి జిల్లాల్లో చదువు మధ్యలో ఆగిపోయి, మళ్లీ మొదలెడదామా అని లోలోపల అనుకునేవాళ్లు ఊరూరా ఉన్నారు. ఇంటర్ పరీక్షలు రాయగానే పెళ్లయిపోయిన ఆడవాళ్లు, పదో తరగతితో కువైట్ వెళ్లి పదిహేనేళ్లకు ఇంటికి చేరినవాళ్లు, తండ్రి పోయాక వ్యవసాయం మీద వేసుకున్నవాళ్లు, డిగ్రీ రెండో ఏట సప్లీలు మిగిల్చుకుని రొయ్యల చెరువుల మీదకు వెళ్లిపోయినవాళ్లు. వీళ్లందరినీ మొదట వెనక్కి లాగేది వయసు. ‘ఇప్పుడెందుకండీ ఈ చదువులు’ అని నలుగురూ అంటారన్న బెరుకు. నిజానికి విశ్వవిద్యాలయం మీ వయసు చూసి వెనక్కి పంపదు. డిగ్రీలో చేరడానికి పై వయసు పరిమితి అంటూ కేంద్రం నడిపే సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇగ్నోలో లేదు. బీహార్‌లోని నలంద ఓపెన్ యూనివర్సిటీ నుంచి రాజ్‌కుమార్ వైశ్య అనే పెద్దాయన 2017లో 98 ఏళ్ల వయసులో ఎంఏ ఎకనామిక్స్ పూర్తి చేశారు. కాబట్టి వయసు సంగతి పక్కన పెడదాం. అడ్డుపడేవి రెండు: గంటలు, కాగితాలు. వాటి లెక్క తేలితే చదవాలో వద్దో, ఎక్కడ చదవాలో, ఎన్నేళ్లు పెట్టుకోవాలో మీకే తెలిసిపోతుంది.

రాజమండ్రి ఆడపడుచు దారి

ఈ నేల మీద ఇలాంటి చదువుకు పెద్ద ఉదాహరణ వెతకనక్కర్లేదు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1909 జులై 15న రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. ఆ పెళ్లిని ఆమె తరవాత తోసిపుచ్చారు. ఇంగ్లీషు మీడియం రుద్దుతున్నారన్న నిరసనతో పన్నెండేళ్లకే బడి మానేశారు. 1923 కాకినాడ కాంగ్రెస్ మహాసభల ప్రదర్శనలో టికెట్ లేదని నెహ్రూను ఆపిన పిల్లగా ఆమె అందరికీ తెలుసు. మనకు కావలసిన కథ ఆ తరవాతది. 1930 ఉప్పు సత్యాగ్రహం నుంచి 1933 దాకా జైళ్లకు వెళ్తూ వస్తూ గడిపారు. బయటికి వచ్చేసరికి 24 ఏళ్లు. చేతిలో మెట్రిక్ కూడా లేదు.

అక్కణ్నుంచి ఆమె దారి చూడండి. కాశీ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ రాశారు, ఆ తరవాత ఇంటర్. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం చదువుతానంటే ఆడపిల్లలకు హాస్టల్ లేదని వైస్ ఛాన్సలర్ సి.ఆర్.రెడ్డి వెనకాడారట. చదువుకోవాలనుకునే అమ్మాయిలు ఇంకా ఎవరున్నారో చెప్పమని ఆమె పత్రికలో ప్రకటన ఇచ్చి, కొందరిని పోగుచేసి, హాస్టల్ ఏర్పడేలా చేశారని చెబుతారు. డిగ్రీ అక్కడే అయింది. 1942లో మద్రాసులో లా పట్టా అందుకునేటప్పటికి వయసు 33 దగ్గర. 1946లో రాజ్యాంగ సభలో సభ్యురాలు. మెట్రిక్ లేకుండా జైలు నుంచి బయటికి రావడానికీ రాజ్యాంగం రాసే సభలో కూర్చోవడానికీ మధ్య 13 ఏళ్లు.

నాకు ఇంకా గొప్పగా కనిపించే సంగతి వేరే ఉంది. 1937లో ఆమె మద్రాసులో పెట్టిన ఆంధ్ర మహిళా సభ మొదట్లో చేసిన పనుల్లో ఒకటి, చదువు ఆగిపోయిన ఆడవాళ్లను అదే కాశీ మెట్రిక్ పరీక్షకు తయారు చేయడం. తను ఎక్కిన మెట్టు దగ్గరే నిలబడి ఇంకొకరికి చెయ్యి అందించారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడినప్పుడు తొలి అధ్యక్షురాలు ఆమే. ఆ బోర్డు 1958లో వయోజన మహిళలకు కుదించిన కోర్సులు మొదలెట్టింది. బడికి పోలేకపోయిన, పోయి మానేసిన ఆడవాళ్లను తక్కువ కాలంలో పరీక్షకు సిద్ధం చేసే పథకం అది. అంటే ‘వయసు దాటాక చదువు’ అనేది ఈ దేశంలో ప్రభుత్వ కార్యక్రమంగా మారడంలో ఒక రాజమండ్రి ఆడపడుచు చెయ్యి ఉంది.

ఆ తరవాతి పెద్ద అడుగు కూడా తెలుగు నేల మీదే పడింది. బ్రిటన్‌లో ఓపెన్ యూనివర్సిటీ 1969లో ఏర్పడి 1971 నుంచి విద్యార్థులను తీసుకుంది. మన దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982 ఆగస్టు 26న హైదరాబాద్‌లో వచ్చింది. అప్పట్లో భవనం వెంకట్రామ్ ముఖ్యమంత్రి, జి.రామ్ రెడ్డి తొలి వైస్ ఛాన్సలర్. 1991లో దానికి అంబేడ్కర్ పేరు పెట్టారు. 1985లో కేంద్రం ఇగ్నో పెట్టినప్పుడు దాన్ని నిలబెట్టడానికి ఢిల్లీ తీసుకెళ్లింది కూడా రామ్ రెడ్డినే. ఈ సార్వత్రిక విశ్వవిద్యాలయం రావడానికి పదేళ్ల ముందే, 1972లో, ఆంధ్ర విశ్వవిద్యాలయం కరస్పాండెన్స్ కోర్సులు మొదలెట్టింది. గోదావరి జిల్లాల గుమస్తాలు, టీచర్లు, పోస్ట్‌మాన్లు ఒక తరం పాటు డిగ్రీ సంపాదించుకున్నది ఆ పోస్టు కవర్ల మీదే.

ఎంతమంది చదవలేదు?

ఉన్నత విద్యపై కేంద్రం చేసే వార్షిక సర్వే ప్రకారం 2021–22లో ఆంధ్రప్రదేశ్ స్థూల నమోదు నిష్పత్తి 36.5. దేశం సగటు 28.4. ఈ నిష్పత్తిని 18–23 ఏళ్ల జనాభా మీద లెక్కిస్తారు. 36.5 అంటే దేశంలో మెరుగైన అంకే. కానీ తిరగేసి చదవండి: ఈ వయసు పిల్లలు వంద మంది ఉంటే కాలేజీ సీట్లలో ఉన్నవి 36, 37 పేర్లే. మిగతా అరవై పైచిలుకు మంది ఎటూ మాయమైపోరు. పదేళ్లలో ముప్ఫైల్లోకి, ఇరవై ఏళ్లలో నలభైల్లోకి వస్తారు. అప్పుడు వాళ్లను లెక్కించే నిష్పత్తి ఏదీ లేదు.

అంతకు ముందు మెట్టు దగ్గరే ఆగిపోయినవాళ్లు ఇంకా ఎక్కువ. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం రాష్ట్రంలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో పదేళ్లో అంతకంటే ఎక్కువో బడిలో చదివినవాళ్లు సుమారు 40 శాతం. 20–24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. 2011 జనాభా లెక్కల్లో అక్షరాస్యత తూర్పు గోదావరిలో 71 శాతం దగ్గర, పశ్చిమ గోదావరిలో 74 శాతం పైన ఉంది. రాష్ట్రం సగటు 67. మనవి బాగా చదువుకున్న జిల్లాలే. అయినా చదువు మధ్యలో తెగిపోయిన ఆడవాళ్లు ప్రతి వీధిలో ఉన్నారంటే పెళ్లి వయసే దానికి పెద్ద కారణం.

మరి వయసు దాటాక చదివేవాళ్లు తక్కువా? కాదు. 2020–21లో దేశంలో ఉన్నత విద్యలో ఉన్న 4.14 కోట్ల మందిలో 45.7 లక్షల మంది దూరవిద్యలో ఉన్నారు. ప్రతి తొమ్మిది మందిలో ఒకరు. మీరు ఒంటరిగా ఏదో వింత చేస్తున్నారని ఎవరైనా అంటే ఈ అంకె చెప్పండి.

కాగితాల వరస

ఇప్పుడు అసలు పని. మొదట తెలుసుకోవలసింది మీరు ఏ మెట్టు దగ్గర ఆగారు అన్నది.

పదో తరగతే పూర్తి కాలేదనుకోండి. ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యా పీఠం, అంటే మనవాళ్లు ఓపెన్ స్కూల్ అనేది, 1991 నుంచి ఉంది. కేంద్రానిది ఎన్‌ఐఓఎస్, 1989 నుంచి. ఎన్‌ఐఓఎస్‌లో పదికి కనీస వయసు 14, ఇంటర్‌కు 15, పై పరిమితి లేదు. అయిదు సబ్జెక్టులు పాసవ్వాలి. ఒకసారి చేరితే అయిదేళ్లలో తొమ్మిది అవకాశాలు. రెండు పాసై మూడు పోతే ఆ రెండూ మీ ఖాతాలోనే ఉంటాయి. మూడే మళ్లీ రాయాలి. రెగ్యులర్ బడిలో దొరకని ఈ ఓపిక ఇక్కడ దొరుకుతుంది. పదికీ ఇంటర్ సర్టిఫికెట్‌కూ మధ్య రెండేళ్ల ఎడం ఉండాలి. పది కొత్తగా పాసయ్యేవాళ్లకు ఇది కాలం తీసుకునే మెట్టు. ఎప్పుడో ఇరవై ఏళ్ల కిందట పది పాసైనవాళ్లకు ఆ ఎడం ఎప్పుడో దాటిపోయింది.

లెక్క ఇలా వస్తుంది. పది లేనివాళ్లకు: పదికి ఒక ఏడు, ఇంటర్‌కు రెండు, డిగ్రీకి మూడు, తక్కువలో తక్కువ ఆరేళ్లు. పది ఉన్నవాళ్లకు: ఇంటర్‌కు ఒక ఏడు, డిగ్రీకి మూడు, నాలుగేళ్లు. ఇంటర్ ఉన్నవాళ్లకు మూడేళ్లు. నలభైలో పదితో మొదలెట్టినవాళ్లు నలభై ఆరుకు డిగ్రీ అవుతారు. చదవకపోయినా నలభై ఆరు వస్తుంది కదా.

డిగ్రీ మధ్యలో వదిలేసినవాళ్ల సంగతి వేరు. 2021లో వచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో మీరు సంపాదించిన క్రెడిట్లు ఏడేళ్ల దాకా నిలవ ఉంటాయి. ఒక ఏడాది చదివి 40 క్రెడిట్లతో ఆగితే సర్టిఫికెట్, 80తో ఆగితే డిప్లొమా ఇచ్చి, తరవాత మళ్లీ చేరే వీలు కొత్త విధానంలో ఉంది. ఇప్పుడు ఇరవైల్లో ఉన్నవాళ్లకు ఇది పెద్ద వరం. 2005లోనో 2010లోనో వదిలేసినవాళ్ల మార్కులు ఈ బ్యాంకులో లేవు. పాత వార్షిక పరీక్షల పద్ధతి వాళ్లకు విశ్వవిద్యాలయం ఎప్పుడైనా ప్రత్యేక అవకాశం ప్రకటిస్తే తప్ప, కొత్తగా చేరడమే మేలని నా అభిప్రాయం. ఒకే పాత సప్లీ కోసం ఏళ్ల తరబడి పరీక్షల విభాగం చుట్టూ తిరిగి, ఆ తిరుగుడులోనే ఓపిక అయిపోగొట్టుకునేవాళ్లు కనిపిస్తూనే ఉంటారు.

ఇంకొక హెచ్చరిక. పది, ఇంటర్, డిగ్రీ ఈ వరస తప్పకూడదు. ఒకప్పుడు ఇంటర్ లేకున్నా 18 ఏళ్లు నిండినవాళ్లకు ఓపెన్ యూనివర్సిటీ అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలో చేర్చుకునేది. ఎందరికో తలుపు తెరిచిన మంచి పద్ధతి అది. కానీ బార్ కౌన్సిల్ 2008 నిబంధనల్లో, కింది అర్హత లేకుండా నేరుగా ఓపెన్ పద్ధతిలో డిగ్రీ చేసినవాళ్లు లా కోర్సుకు అర్హులు కారని స్పష్టంగా ఉంది. వరసగా ఇంటర్ పాసై తరవాత దూరవిద్యలో డిగ్రీ చేసినవాళ్లకు ఆ అడ్డంకి లేదు. ఒక ఏడు మిగులుతుందని ఇంటర్ దాటేస్తే పదేళ్ల తరవాత తలుపు మూసుకుపోవచ్చు.

197 నిమిషాలు

మళ్లీ 3,600 గంటలకు వద్దాం. మూడేళ్లంటే 1,095 రోజులు. రోజుకు మూడు గంటల పదిహేడు నిమిషాలు, అంటే 197 నిమిషాలు. ఆదివారాలు, పండగలు, జ్వరాలు అన్నీ కలుపుకుని.

ఈ 197 పక్కన ఇంకో అంకె పెట్టి చూడండి. 2024లో కేంద్ర గణాంక శాఖ దేశమంతా జరిపిన కాల వినియోగ సర్వేలో, ఇంటి పని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు జీతం లేని ఇంటి పనికి పెడుతున్నారని తేలింది. ఆ పని చేసే మగవాళ్లు పెట్టేది 88 నిమిషాలు. తేడా 201 నిమిషాలు. మూడేళ్లలో డిగ్రీ పూర్తి చేయడానికి కావలసిన సమయం దాదాపు అంతే.

ఈ సగటులో అసలు ఇంటి పని ముట్టని మగవాళ్లు లేరు. రోజులో కాస్తయినా ఇంటి పని చేసే ఆడవాళ్లు అయిదుగురిలో నలుగురుంటే, మగవాళ్లు నలుగురిలో ఒక్కరే. పిల్లల, పెద్దల సేవ కూడా ఈ 289లో కలవలేదు. దానికి ఇంకో లెక్క ఉంది. కాబట్టి అసలు తేడా 201 కంటే ఎక్కువే. పెళ్లయిన ఆడమనిషి డిగ్రీ చదవలేకపోతోందంటే దానికి ఆమె తెలివి, పట్టుదల, వయసు కారణం కావు. ఆ 201 నిమిషాలు ఇంట్లో ఎవరి భుజం మీద ఉన్నాయన్నదే కారణం. ఈ మాట నేను మెత్తగా చెప్పదలచుకోలేదు. భార్య చదువుకు ఫీజు కట్టడం గొప్ప సాయమే. కానీ రోజూ వంట గిన్నెల దగ్గర గంట సేపు నిలబడడం దానికంటే పెద్ద సాయం. ఫీజు ఏడాదికోసారి కడితే చాలు, గంట మాత్రం రోజూ కావాలి.

గంట దొరకని ఇంట్లో ఏం చేయాలి? ఇక్కడ దూరవిద్య నిబంధన ఆదుకుంటుంది. మూడేళ్ల డిగ్రీని ఆరేళ్ల దాకా చదువుకునే వీలు ఇగ్నో ఇస్తోంది. ఆరేళ్లకు పరిస్తే 197 నిమిషాలు 99కి దిగుతాయి. గంటా నలభై నిమిషాలు. సీరియళ్లకు, ఫోనుకు పోయే సమయం అందులో ఎంతో ఎవరికి వాళ్లకే తెలుసు. ఆరేళ్లు అని మొదటే అనుకుని చేరినవాళ్లు ఏడాదికి సగం పేపర్లే రాసి ధీమాగా ఉంటారు. మూడేళ్లలో అయిపోవాలనుకుని చేరి మొదటి ఏడే నాలుగు పేపర్లు పోగొట్టుకున్నవాళ్లు అవమానంతో మానేస్తారు. అందుకే చేరే రోజునే గడువు మీరే పెట్టుకోండి.

సార్వా, దాళ్వా, పరీక్షలు

డెల్టాలో చదివే రైతుకు, కూలికి క్యాలెండర్ కాలవ నీటితో నడుస్తుంది. జూన్‌లో నీళ్లు వదిలితే నారుమళ్లు, ఆ వెంటనే సార్వా ఊడ్పులు. నవంబరు, డిసెంబరు కోతలు, నూర్పులు, ధాన్యం అమ్మకం. అది పూర్తవకుండానే దాళ్వా నాట్లు. ఏప్రిల్లో దాళ్వా కోతలు. తరవాత కాలవలు కట్టేస్తారు, కాస్త ఊపిరి.

ఇగ్నో పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, జూన్‌లో, డిసెంబరులో. పక్కపక్కన పెట్టి చూస్తే జూన్ పరీక్షలకు మన దగ్గర మంచి వీలుంది: దాళ్వా కోతలయ్యాక మే నెలంతా చదువుకోవచ్చు. డిసెంబరు పరీక్షలు సరిగ్గా సార్వా కోతల మీద పడతాయి. వాన మబ్బు పట్టి పనలు చేలో ఉన్న రోజున పరీక్ష హాల్లో కూర్చోమంటే ఎవరికి మనసొప్పుతుంది? అందుకని వ్యవసాయం ఉన్నవాళ్లు బరువైన పేపర్లు జూన్‌కు పెట్టుకుని, డిసెంబరుకు ఒకటి రెండు తేలికవి రాయడం మంచిది. పరీక్ష ఫారం కట్టేటప్పుడే ఏవి రాయాలో మీరే ఎంచుకోవచ్చు.

గంటలు కూడా ఇలాగే పరుచుకోవాలి. ఏడాదిలో 52 వారాలు. ఊడ్పులకు, కోతలకు, పెళ్లిళ్లకు, సంక్రాంతికి 12 వారాలు తీసేయండి. మిగిలినవి 40. ఆరేళ్ల పథకంలో ఏడాదికి 600 గంటలు కావాలి, వారానికి 15. ఆరు రోజులు గంటన్నర చొప్పున తొమ్మిది, ఆదివారం ఆరు. కష్టమే, కానీ చేయగలిగిన కష్టం. మూడేళ్ల పథకంలో అదే లెక్క వారానికి 30 గంటలు అవుతుంది. సాగు చేస్తూ అది అసాధ్యమని నేననుకుంటున్నాను.

అసైన్‌మెంట్లను మాత్రం చిన్నచూపు చూడకండి. ఇగ్నోలో సాధారణంగా వాటికి 30 శాతం, చివరి పరీక్షకు 70 శాతం. చాలామంది పరీక్ష రాసి, అసైన్‌మెంట్ ఇవ్వక, పేపరు పాస్ కాకుండా ఉండిపోతారు. పుస్తకం ముందు పెట్టుకుని ఇంట్లో కూర్చుని తెచ్చుకోగలిగిన మార్కులవి.

కాలేజీకే వెళ్తానంటే

డెల్టాలో కాలేజీలకు కొదవ లేదు. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ మూలాలు 1853 నాటివి. కాకినాడ పీఆర్ కాలేజీ 1884 నాటిది. భీమవరం డీఎన్నార్ 1945లో, నరసాపురం వైఎన్ 1949లో, అమలాపురం ఎస్‌కేబీఆర్ 1951లో వచ్చాయి. 2006 నుంచి వీటికి ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం రాజమండ్రిలోనే ఉంది. అంతకుముందు డిగ్రీ పట్టా కావాలంటే విశాఖ వైపు చూసేవాళ్లం.

కాలేజీలో చేరితే రెండు విషయాలు ఆలోచించాలి. 75 శాతం హాజరు మొదటిది. ఉద్యోగమో, సాగో ఉన్నవాళ్లకు అది కుదరదు. రెండోది మాధ్యమం. 2021–22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లీషు మీడియంలోకి మారాయి. ఇరవై ఏళ్ల కిందట తెలుగులో ఇంటర్ చదివినవాళ్లు ఆ క్లాసులో కూర్చుంటే పాఠం కంటే ముందు భాష దాటాలి. ఇగ్నో పుస్తకాలు కూడా ప్రధానంగా ఇంగ్లీషు, హిందీల్లో ఉంటాయి. తెలుగులో చదవాలనుకుంటే ఆంధ్ర విశ్వవిద్యాలయం దూరవిద్య లాంటివి చూసుకుని, మీ కోర్సు ఏ భాషలో ఉందో అడిగి మరీ చేరండి. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం రాష్ట్ర విభజన తరవాత తెలంగాణలో ఉండిపోయింది కాబట్టి, ఆంధ్ర అభ్యర్థులకు ఆ ఏడాది ప్రవేశాలు ఉన్నాయో లేదో ప్రకటనలో ముందు చూసుకోవాలి.

డబ్బు సంగతి. రెగ్యులర్ విద్యార్థులకిచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ దూరవిద్యకు రాదు. ఇగ్నోలో కొన్ని కోర్సులకు ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు ఫీజు మినహాయింపు ఉంటుంది. ప్రవేశ ప్రకటనలో ఆ ఏడాదికి ఏవి ఉన్నాయో రాస్తారు.

డిగ్రీ తరవాత ఏమిటి?

చదువు చదువు కోసమే అనుకునేవాళ్లకు ఈ భాగం అక్కర్లేదు. వాళ్లంటే నాకు గౌరవం. ఉద్యోగం కోసమే అయితే వయసు లెక్క ఇక్కడ వేయాలి. చేరడానికి లేని పరిమితి ఉద్యోగానికి ఉంది.

2019 అక్టోబరు 2న అప్పటి తూర్పు గోదావరి జిల్లా కరపలో గ్రామ సచివాలయాల వ్యవస్థ మొదలైంది. ఆ నియామకాల్లో పై వయసు 42. ఎస్సీ, ఎస్టీ, బీసీలకు అయిదేళ్ల సడలింపుతో 47. పంచాయతీ కార్యదర్శి గ్రేడ్–5 పోస్టుకు డిగ్రీ అడిగారు. 35 ఏళ్ల వాళ్లు ఇంటర్‌తో మొదలెట్టి మూడేళ్లలో పూర్తి చేస్తే 38, ఆరేళ్లలో అయితే 41. రెండూ లోపలే. 38లో మొదలెట్టి ఆరేళ్లు తీసుకుంటే 44. జనరల్ అభ్యర్థికి తలుపు మూసుకుపోతుంది, బీసీ అభ్యర్థికి మూడేళ్లు మిగులుతాయి. బ్యాంకు క్లర్కు పరీక్షకు 20–28 ఏళ్లే. కానీ భర్త పోయినవాళ్లు, విడాకులు తీసుకున్నవాళ్లు మళ్లీ పెళ్లి చేసుకోకపోతే 35 దాకా రాయొచ్చు, ఓబీసీలు 38, ఎస్సీ, ఎస్టీలు 40 దాకా. అవసరమైన ఆడవాళ్లలో ఎంతమందికి ఈ వెసులుబాటు తెలుసో అని నాకు ఎప్పుడూ అనుమానమే.

మూడేళ్ల లా కోర్సుకు లాసెట్‌లో పై వయసు పరిమితి లేదు. యాభైలో కూడా రాయొచ్చు. కానీ డిగ్రీలో 45 శాతం మార్కులు కావాలి, బీసీలకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40. బీఈడీకి సాధారణంగా 50 శాతం అడుగుతారు. డిగ్రీ పాసవ్వడానికి 35 చాలని సరిపెట్టుకుంటే తరవాతి మెట్టు అందదు. పేపర్లు ఆరేళ్లకు పరచుకోమని చెప్పడానికి ఇది కూడా ఒక కారణం. తక్కువ పేపర్లు రాస్తే మార్కులు నిలబెట్టుకోవచ్చు.

నకిలీ దారులు

‘ఏడాదిలో డిగ్రీ, పరీక్ష మేమే చూసుకుంటాం’ అని గోడల మీద కనిపించే మాటలను నమ్మకండి. 2017 నవంబరులో సుప్రీంకోర్టు, అనుమతి లేకుండా డీమ్డ్ యూనివర్సిటీలు కరస్పాండెన్స్‌లో ఇచ్చిన ఇంజినీరింగ్ పట్టాలను తప్పుపట్టి రద్దు చేసింది. డబ్బూ ఏళ్లూ పోసి చదివినవాళ్ల కాగితం ఒక్క తీర్పుతో చెల్లకుండా పోయింది. ఇంజినీరింగ్, వైద్యం, నర్సింగ్, ఫార్మసీ, లా దూరవిద్యలో చేయకూడదు. మిగతా వాటికి విశ్వవిద్యాలయం యూజీసీ దూరవిద్య జాబితాలో ఆ కోర్సుకు, ఆ ఏడాదికి ఉందో లేదో చూడాలి. 2024 నుంచి దూరవిద్యలో చేరేవాళ్లకు యూజీసీ ఒక గుర్తింపు సంఖ్య తప్పనిసరి చేసింది. అది మీరే తీసుకోవాలి. ఏజెంటు చేతికి ఆధార్ ఇచ్చి తీయించుకోకండి. ఫీజు విశ్వవిద్యాలయం పోర్టల్లోనే కట్టండి. జాబితాలో ఉన్న విశ్వవిద్యాలయం దూరవిద్య డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని యూజీసీ 2022లో స్పష్టం చేసింది. ఇంటర్వ్యూలో ఎవరైనా తక్కువ చేసి మాట్లాడితే ఆ ప్రకటన చూపించండి.

చివరగా పేరు సంగతి. పెళ్లయిన ఆడవాళ్ల పదో తరగతి మెమోలో పుట్టింటి ఇంటిపేరు ఉంటుంది, ఆధార్‌లో అత్తింటి పేరు. యూజీసీ సంఖ్యకు, క్రెడిట్ల ఖాతాకు రెండూ కలవాలి. మెమోలో పేరు మార్చడం కష్టం, ఆధార్‌లో మార్చడం తేలిక. అయితే ఆధార్‌లో పేరు జీవితకాలంలో రెండుసార్లే మార్చనిస్తారు, పుట్టిన తేదీ ఒక్కసారే. కాబట్టి ప్రవేశాల ప్రకటన వచ్చేదాకా ఆగకుండా ఈ వారమే పది మెమో బయటికి తీసి, అందులో అక్షరం అక్షరం ఎలా ఉందో చూసి, ఆధార్‌ను దానికి సరిచేయించుకోండి.